నాలుగో పిల్లరు అడుగున

సోన్‌బర్డి చుట్టూ ఉన్న నలభై ఊళ్ళలో నేను తవ్విన బావులు రెండు వందల పన్నెండు. ఒక్కో బావికి మా ఇంటి వెనక గోడ మీద ఒక్కో గాటు పెట్టాను, నమ్మనివాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. డెబ్బై రెండు కరువులో ఒక్క ఎండాకాలంలోనే పంతొమ్మిది బావులు దించాను. పదిహేడింటికి నీళ్ళు పడ్డాయి. మిగతా రెండూ యజమానులు మొండికేసి తమకు నచ్చిన చోట తవ్వించుకున్నవి, వాటి పాపం నాది కాదు. నా బావి ఒడ్డు ఒక్కటీ కూలలేదు. నా బావిలో ఒక్క మనిషి ప్రాణం పోలేదు. జిల్లా కలెక్టరు పిలిచి శాలువా కప్పాడు. మా ఊరి బడిలో ఒక ఏడు జెండా నా చేతనే ఎగరేయించారు. అదే బడిలో నేను నాలుగో తరగతి దాకా చదివాను.

నా పేరు దుర్గప్ప ధోత్రే. ఇంతటివాణ్ణి ఇరవై ఏడేళ్ళపాటు ఒకే ఒక్క గుంత కోసం కాచుకుని కూర్చున్నాను. అది మా అన్న శెట్టిబా తవ్విన గుంత. దాని అడుగు ఊరంతా చూడాలి. దిగంబర్ గుల్హానే తన కళ్ళతో చూడాలి. నేను బతికుండగా ఆ పని జరగాలని తప్ప ఏ దేవుణ్ణీ ఇంకోటి అడగలేదు.

అన్న నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. మా నాన్న తొందరగా పోతే, నల్లరేగడిని చదవడం నాకు నేర్పింది అతనే. ఎండలు ముదిరి చేలన్నీ నెర్రెలు విచ్చినప్పుడు, ఒక దారానికి సీసపు గుండు కట్టి నెర్రెలోకి వదిలేవాడు. గుండు ఎక్కడ ఆగితే అక్కడ దారానికి ముడి వేసి పైకి తీసి కొలిచేవాడు.

"ఇది ఊపిరి తీసే నేల తమ్మీ," అనేవాడు. "ఎండకు ముడుచుకుంటది, వానకు ఉబ్బుతది. ఈ ముడి దాక దీన్ని నమ్మొద్దు. దీని మీద ఇల్లు పెట్టినా గుడి పెట్టినా ఒక మూల ఎత్తుతది, ఒక మూల దించుతది. ఊపిరి ఆగిన కాడికి ఇంకా కింద గట్టి మొరం ఉంటది. ఆడ కాలు పెట్టాలె."

మా తవ్వేవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. గుంత అడుగున మొరం తగలగానే పిడికెడు పెకలించి, తలగుడ్డలో చుట్టి పైకి తెచ్చి యజమాని దోసిట్లో పెడతాం. దాన్ని అడుగుముద్ద అంటాం. యజమాని దాన్ని కళ్ళకద్దుకుని మా చేతిలో బెల్లంముక్క పెడతాడు. ఇక మాటలుండవు. ముద్ద తీసుకున్నాక యజమాని గుంతలోకి దిగి చూడడు. దిగి చూడడమంటే తవ్వినవాడి ముఖాన ఉమ్మడమే. మా తాతల నాటి నుంచి ఎవరూ దిగలేదు. గుల్హానే ఆ సంగతి బాగా కనిపెట్టాడు.

ఎనభై ఎనిమిదిలో మా ఊరి సొసైటీ పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు కోసం షెడ్డు కట్టింది. ఇనుప దూలాలు, రేకుల కప్పు, తూర్పున ఆరు పిల్లర్లు, పడమర ఆరు. గుత్తేదారు గుల్హానే. ఊళ్ళో మొదట మోటారుసైకిలు కొన్నది ఆయనే, దాన్ని దిగకుండానే జనంతో మాట్లాడేవాడు. గుంతలు మావి. అన్నా నేనూ తవ్వాం, తిప్పవ్వ వదిన మట్టి మోసింది. తూర్పు వరసలో అయిదడుగులకే మొరం తగిలింది. పడమర వరసలో నేల లోపల వాలు ఉంది. ఏడడుగులైనా రేగడే, తొమ్మిదైనా రేగడే. "ఇగ చాలదా అన్నా?" అని నేనే అడిగాను. నాకు భుజాలు పడిపోయాయి. "మొరం నిన్ను పిలుస్తదా తమ్మీ? మనమే పోవాలె," అన్నాడు. పదకొండు అడుగులకు దొరికింది. పన్నెండు గుంతలకు పన్నెండు ముద్దలు గుల్హానే దోసిట్లో పెట్టాడు. పన్నెండు బెల్లంముక్కలు తీసుకున్నాం. మరునాడే ముకుట్‌బన్ దగ్గర ఒప్పుకున్న బావికి వెళ్ళిపోయాం. మూడు వారాలకు తిరిగొచ్చేసరికి పిల్లర్లు లేచి నిలబడి ఉన్నాయి.

రెండో వానాకాలంలో పడమర వరసలో నాలుగో పిల్లరు జానెడు దిగబడింది. దూలం మెలికపడి రేకులు జారాయి. పత్తి తడిసింది. కింద పని చేస్తున్న ఒకామెకు చెయ్యి విరిగింది. సొసైటీ వాళ్ళు మీటింగు పెట్టారు.

గుల్హానే లేచి తాపీగా చెప్పాడు: "ముద్ద ఇచ్చిండు, తీసుకున్న. అది తూర్పు గుంతలదో పడమటి గుంతలదో నాకేం ఎరుక? పడమట గూడ అయిదడుగులే తవ్వి, మొరం తగిలిందన్నడు. ఆయన మాట మీద కాంక్రీటు పోసిన."

అన్న లేచాడు. "పిల్లరు పక్కన తవ్వి చూడుండ్రి. పదకొండు అడుగుల కాడ నా గుద్దలి దెబ్బలు ఉంటయి. లేకుంటే నా చేతులు నరకుండ్రి."

"పిల్లరు కాడ తవ్వితే షెడ్డు మొత్తం కూలుతది," అన్నాడు గుల్హానే. "నీ పరువు కోసం ఊరి షెడ్డు కూలగొట్టుకోవాల్నా?"

అందరూ అవునన్నారు. పిల్లరుకు పక్కన ఇనుప ఊతాలు పెట్టారు, నేలంతా మందంగా గచ్చు పోశారు. తీర్మానాల పుస్తకంలో రాశారు: శెట్టిబా ధోత్రే అడుగు ముట్టకుండానే అడుగుముద్ద ఇచ్చాడు, షెడ్డు దిగబడడానికి అతడే కారణం.

మాలో ఒకణ్ణి దొంగ అన్నా తాగుబోతు అన్నా ఎలాగో బతుకుతాడు. ముట్టని అడుగుకు ముద్ద ఇచ్చాడన్న మాట పడ్డాక బతకలేడు. నలభై ఊళ్ళలో ఒక్కడు కూడా అన్నను పనికి పిలవలేదు. రాళ్ళ క్రషరులో కూలికి వెళ్ళాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. నాలుగేళ్ళు దగ్గాడు. చివరి ఏడాది పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. అతను పోయిన రోజు గుల్హానే మనిషి చేత పూలదండ పంపాడు. వదిన దాన్ని తీసుకెళ్ళి గేదె ముందు పడేసింది. గేదె తిన్నది.

అప్పటి నుంచి నేను గుల్హానేకు రాంరాం చెప్పలేదు. ముద్ద ఇవ్వడం కూడా మానేశాను. నా గుంతలోకి యజమాని స్వయంగా నిచ్చెన దిగి, మొరం మీద అరచెయ్యి పెట్టి, "ముట్టిన" అని అరవాలి. మొదట్లో మా వాళ్ళే నవ్వారు. తరవాత జిల్లా అంతా అదే పద్ధతి అయింది. అదీ నా ఘనతే, ఎవరూ చెప్పరు గనక నేనే చెప్తున్నాను. గుల్హానే తన చేనులో బావి తవ్వించుకోవాలనుకుంటే నలభై ఊళ్ళ తవ్వేవాళ్ళలో ఒక్కణ్ణి కూడా గుద్దలి ఎత్తనివ్వలేదు. ఆయన బోరు బండి తెప్పించాడు, ఉప్పు నీళ్ళు పడ్డాయి. ఆ ఉప్పు నేను వేసింది కాదు. వేసే వీలుంటే వేసేవాణ్ణి.

షెడ్డు మాత్రం ఊతకర్రల ముసలివాడిలా నిలబడే ఉంది. అది నిలబడి ఉన్నంత కాలం దాని కింద తవ్వడానికి లేదు. ప్రతి వానాకాలం వెళ్ళి దానివైపు చూసి, ఎప్పుడు పడతావే అని అడిగేవాణ్ణి. ఆ లోపల గుల్హానే ఎదిగి సొసైటీకి అధ్యక్షుడయ్యాడు.

రెండు వేల పదహారులో సర్కారు సాయం వచ్చింది. పాత షెడ్డు విప్పేసి దాని చోట కొత్త స్టీలు షెడ్డు కట్టాలన్నారు. ఈ కాలపు షెడ్లలో పిల్లర్లూ దూలాలూ అన్నీ కార్ఖానాలోనే తయారై లారీల్లో వస్తాయి, ఇక్కడ బోల్టులు బిగించడమే. మనం చెయ్యాల్సింది పునాది ఒక్కటే. పాత రేకులూ ఇనుమూ వారంలో తీసేశారు. మిగిలింది గచ్చు నేల. నేను ఆ గచ్చు మీద చెప్పులు విడిచి నడిచాను. నాలుగో పిల్లరు మొండెం దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

పునాది ఏ రకం వెయ్యాలో తేల్చడానికి నాగపూర్ నుంచి మృణాల్ ఖడత్కర్ అనే ఇంజినీరు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, అందరం తాయీ, అంటే అక్కా అని పిలిచాం. మే నెల, నెత్తి మాడే ఎండ. సొసైటీ వసారాలో సభ్యులందరికీ అటుకుల పోహాలు, చాయ్ పెట్టారు. నాకు మూడెకరాల పత్తి చేను ఉంది గనక నేనూ సభ్యుణ్ణే. ముందు వరసలో కూర్చున్నాను.

"మూడు దారులున్నాయి," అంది ఆమె. "ప్రతి పిల్లరు కింద గుంత తవ్వి కాంక్రీటు దిమ్మె పోయడం ఒకటి. నేలంతటికీ ఒకటే మందపాటి పలక పోసి, దాని మీదే షెడ్డు నిలబెట్టడం రెండోది. యంత్రంతో సన్నగా లోతుగా రంధ్రాలు దింపి, అడుగున ఉల్లిగడ్డలా వెడల్పు చేసి కాంక్రీటు నింపడం మూడోది. దాన్ని పైల్ అంటారు. ఏది పనికొస్తుందో కింద మట్టి చూశాకే చెప్తాను."

"మట్టి చూసుడెందుకు తాయీ?" అన్నాడు గుల్హానే. డెబ్బై ఏళ్ళు వచ్చినా గొంతు తగ్గలేదు. "పాత గచ్చు ఉండనే ఉన్నది. దాని మీదనే పలక పోద్దాం. ఒక్క తట్ట మట్టి తీసే పని లేదు. దసరాకు పత్తి వస్తది, అప్పటికి షెడ్డు నిలబడాలె. స్టీలు షెడ్డు ఎంత బరువుంటది? ఈ నేల చూడు, ఇనుమసోంటిది." అంటూ వసారాలోంచి కిందికి దిగి గడ్డపార ఎత్తి నేల మీద కొట్టాడు. ఖంగుమంది. అంగుళం కూడా దిగలేదు.

కొందరు తలలూపారు. ప్రతి ఏడూ మేలో ఆ చప్పుడు విని మోసపోయేవాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు.

నా పక్కన లోభాజీ ఠోంబ్రే కూర్చున్నాడు. నా ఈడువాడు, నోరు మంచిది కాదు. "అవ్ భావూ, మే నెలల గడ్డపార దిగదు," అన్నాడు. "ఆగస్టుల ఆడనే మా గేదె నడుము దాక దిగింది. నువ్వే గద తాడు పట్టుకుని గుంజినవ్?"

అందరూ నవ్వారు. గుల్హానే నవ్వలేదు.

నేను లేచాను. "తాయీ, పోయినేడు వణి రోడ్డు మీద కోళ్ళ షెడ్డు గాలికి లేచి పక్క చేన్ల పడ్డది. స్టీలుదే. పిల్లర్ల కింద పలక తునకలు అంటుకునే ఉన్నయి. నేను పోయి చూసొచ్చిన. ఈ షెడ్డుకు బరువు మోసుడొకటే గాదు, గాలికి లేవకుంట కింద గట్టిగ పట్టుకునేది గూడ కావాలె. అవునా కాదా?"

ఆమె నా వైపు తిరిగింది. "అవును కాకా. సరిగ్గా అదే."

"అట్లయితే మట్టి చూడాలె. నాలుగో పిల్లరు కాడ తవ్వి చూడాలె."

గుల్హానే చేతిలో గడ్డపార అలాగే ఉంది. "మట్టి చూసుడే అయితే నాలుగు మూలల చూడుండ్రి," అన్నాడు. "పాత పిల్లర్ల జోలికెందుకు? తాయీ, నువ్వు బయటిదానివి, నీకు తెల్వదు. ఈ ముసలాయనకు నా మీద పాత పగ ఉన్నది. అందుకే ఆడ తవ్వుమంటున్నడు."

"ఉందా కాకా?" అని ఆమె సూటిగా అడిగింది.

"ఉన్నది," అన్నాను. "ఇరవై ఏడేండ్ల నుంచి ఉన్నది. దాచేదేం లేదు."

"నీ పగ కోసం నేను పార ఎత్తించను. నేలకు సంబంధించిన కారణం ఉంటే చెప్పు."

"షెడ్డు దిగబడ్డది ఆ పిల్లరు కాడనే. ఎందుకు దిగబడ్డదో తెల్వకుంట అదే జాగల ఇంకో షెడ్డు లేపుతవా? నాలుగు మూలలు చూస్తే ఏం తెలుస్తది? కాలు విరిగినోనికి నాలుక చూస్తరా డాక్టర్లు?"

లోభాజీ ఉత్సాహంగా చెయ్యెత్తి, "మా డాక్టరు చూస్తడు!" అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఇంజినీరు కూడా నవ్వింది, కానీ కాగితం మీద ఏదో రాసుకుంది.

తరవాత ఆమెను షెడ్డు పక్కనున్న బీడులోకి తీసుకెళ్ళాను. నెర్రెల్లో మనిషి చెయ్యి పట్టేంత సందు ఉంది. దారానికి గుండు కట్టి తూర్పు పక్క వదిలాను. మూడున్నర అడుగుల దగ్గర ఆగింది. పడమర పక్కకు పోయి వదిలాను. దారం జారుతూనే ఉంది. ఏడున్నర అడుగులు. ఆమె తన టేపుతో రెండుసార్లు కొలిచింది, దారం తన చేత్తో వదిలి మూడోసారి కొలిచింది.

"మేము దీనికి నెలరోజుల పరీక్షలు చేస్తాం," అంది.

"చెయ్యి తాయీ. నెలరోజుల తర్వాత ఇదే వస్తది. ఒక దిక్కు మూడున్నర అడుగులు ఊపిరి తీసే నేల, ఇంకో దిక్కు ఏడున్నర. రెండింటి మీద ఒకటే పలక పోస్తే వాన పడ్డంక ఏమైతది?"

"అప్పడంలా వంగుతుంది," అని లేచి చేతులు దులుపుకుంది. వసారాలోకి వచ్చి అందరి ముందూ చెప్పింది: పలక కుదరదు, నాలుగో పిల్లరు పక్కన పరీక్ష గుంత తవ్వాలి, మొరం కనపడేదాకా ఆపకూడదు.

"పిల్లరు కాడ తవ్వితే..." అని గుల్హానే పాత పాట ఎత్తుకోబోయాడు.

"షెడ్డు కూలుతదా?" అన్నాడు లోభాజీ. "ఏ షెడ్డు భావూ? పోయిన నెలనే పాత సామానోనికి అమ్మిచ్చినవ్ గద!"

ఆ మాటకు గుల్హానే ముఖం ఎలా మారిందో నేను కళ్ళు ఆర్పకుండా చూశాను. ఇప్పటికీ తలుచుకుంటే ఆకలి వేస్తుంది.

గుంత నేనే తవ్వుతానన్నాను. డెబ్బై మూడేళ్ళు నాకు. ఇద్దరు కూలీలను ఇస్తామన్నారు, మట్టి లాగడానికి మాత్రం తీసుకున్నాను. తిప్పవ్వ వదినకు ఎనభై దాటాయి. చెప్పకుండానే వచ్చింది. తట్ట బోర్లించి ఒడ్డున దాని మీద కూర్చుంది. మూడు రోజులూ అక్కడి నుంచి కదలలేదు. మధ్యాహ్నం జొన్న భాకరి, పచ్చిమిర్చి నూరినది అక్కడే తిన్నది.

మొదటి రోజు గచ్చు పగలగొట్టి దిమ్మె పక్కనే దిగాను. అయిదడుగుల దగ్గర దిమ్మె అయిపోయింది. కాంక్రీటు అడుగు నా చేతికి తగిలింది. దాని కింద మట్టి. మరునాటి పని మరునాడే చెయ్యాలని పైకి వచ్చేశాను.

రెండో రోజు దిమ్మె కిందికి దిగాను. మా రేగడి పుట్టుకతో ఉన్నచోట గుద్దలికి పలకలు పలకలుగా వస్తుంది. ఇక్కడ పొడిపొడిగా, కలగలుపుగా వచ్చింది. అందులో చిరిగిన సిమెంటు సంచి వచ్చింది. బీడీ కట్ట కాగితాలు వచ్చాయి. విరిగిన తాపీ పిడి వచ్చింది. దేవుడు చేసిన మట్టిలో తాపీ పిడి ఉండదు. ఇది ఎవరో నింపిన మట్టి. పక్కకు గోకుతూ పోతే, పూడిక అయిపోయి గట్టి గోడ తగిలింది. నిట్టనిలువు గోడ. గుద్దలి దెబ్బలు ఒకదాని కింద ఒకటి, కుడి నుంచి ఎడమకు వాలుగా ఉన్నాయి. మా ఇద్దరిలో ఎడమచేతి వాటం అన్నదే.

"ఏమైంది మరిదీ? సప్పుడు లేదేంది?" అని వదిన పైనుంచి అడిగింది.

"అన్న గోడ దొరికింది వదినా."

పైనుంచి కాసిని మట్టి బెడ్డలు రాలాయి. ఒడ్డుకు ఇంకా దగ్గరగా జరిగినట్టుంది.

మూడో రోజు మధ్యాహ్నానికి పదకొండు అడుగుల దగ్గర పసుపుపచ్చని మొరం తేలింది. ఆ నలుచదరపు గుంత అన్న తవ్వినట్టే, అంచులు చెదరకుండా ఉంది. ఇంజినీరు దిగింది. టేపు పట్టి, పైకి వినపడేలా చదివింది: "దిమ్మె అడుగు, అయిదడుగులు. దాని కింద నింపిన మట్టి, ఆరడుగులు. అసలు గుంత లోతు, పదకొండు. మొరం మీదికే తవ్వారు." ఒడ్డు చుట్టూ నూరు మందికి తక్కువ లేరు. అందరూ విన్నారు.

గుల్హానే ఆఫీసు గదిలో కూర్చున్నాడు. మనిషిని పంపాను. రాలేదు. మళ్ళీ పంపాను. అప్పుడు లోభాజీ తనే వెళ్ళి, "అధ్యక్షుడివి భావూ, నీ గుంత నువ్వు చూసుకోకుంటే ఎట్ల? లేకుంటే మేమే మోసుకొస్తం, మాకేం బరువు గాదు," అని వెంటబెట్టుకొచ్చాడు.

నిచ్చెన చూపించాను. "దిగు."

"పైనుంచి కనపడుతనే ఉన్నది గద దుర్గప్పా."

"నా గుంతల పెద్ద పెద్ద సేఠ్లే దిగి మొరం ముట్టిండ్రు. నువ్వు వాళ్ళకన్న పెద్దోనివా? దిగు."

జనం చూస్తున్నారు. దిగాడు. మధ్యలో ఒకసారి ఆగాడు. ఆయన అడుగు చేరగానే నేను నిచ్చెన పైకి లాగేశాను.

"కాకా!" అని ఇంజినీరు గట్టిగా అరిచింది. "ఏం చేస్తున్నావ్? నిచ్చెన పెట్టు. ఒడ్డు జారితే బాధ్యత నాది."

"ఒక్క మాట తాయీ. అన్న గోడలు జారవు. ఇరవై ఎనిమిదేండ్లు జారలే." ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుని కిందికి చూశాను. పైనుంచి చూస్తే గుల్హానే ఎంత చిన్నగా ఉన్నాడో! "గోడ మీద చెయ్యి పెట్టు. దెబ్బలు తగులుతున్నయా? ఎవరివి అవి?"

"సిమెంటు దొరకని రోజులు దుర్గప్పా అవి... వానలు దగ్గర పడ్డయి..."

"సిమెంటు సంగతి ఎవరడిగిండ్రు? ఎవరి దెబ్బలు?"

గోడను తడిమాడు. తరవాత గొణిగాడు. "శెట్టిబా దెబ్బలే."

"ఎంత దాక తవ్విండు?"

"మొరం దాక."

"పూడ్చిందెవరు?"

"నేనే. ఆరడుగులు మట్టితోని పూడ్చి పైన పోపిచ్చిన. ముద్ద నా చేతిల ఉన్నది... ఇంకెవరూ దిగి చూడరని ఎరుక."

నాకు అది చాలనిపించింది. నిచ్చెన మీద చెయ్యి వేశాను. అప్పుడు తిప్పవ్వ వదిన తట్ట మీద నుంచి లేచింది. నడుము పట్టుకుని ఒడ్డు దాకా వచ్చి నిలబడింది.

"నాకు ఇనపడలే," అంది. "ముసలిదాన్ని. ఇంకోసారి చెప్పు. గట్టిగ చెప్పు."

గుల్హానే తల పైకెత్తి మళ్ళీ చెప్పాడు. ఈసారి రోడ్డు మీద చాయ్ కొట్టు దాకా వినపడింది. నేను నిచ్చెన దించాను.

ఆ సాయంత్రమే మీటింగు కూర్చుంది. పాత తీర్మానం కొట్టేసి, దాని పక్కన కొత్తది రాయాలన్నాను. గుమాస్తా కలం తీశాడు. "గుమాస్తా గాదు, అధ్యక్షుడే రాస్తడు, తన చేతితోని," అన్నాను. రాశాడు. శెట్టిబా ధోత్రే పన్నెండు గుంతలూ మొరం దాకా తవ్వాడు. పడమర వరస గుంతలు పూడ్చి పైపైన కాంక్రీటు పోసినవాడు దిగంబర్ గుల్హానే. చివర సంతకం పెట్టి, అధ్యక్ష పదవి వదులుకుంటున్నానని ఇంకో వాక్యం చేర్చాడు. అది నేను అడగలేదు. వద్దని కూడా అనలేదు.

ఇంజినీరు పునాది తేల్చేసింది. ఉల్లిగడ్డ అడుగు పైల్స్, మొరంలోకి రెండడుగులు దిగేలా. పాత గుంతల పూడికకు తగలకుండా పిల్లర్ల వరస నాలుగడుగులు జరిపింది. ఉబ్బే నేల ఎంత ఎత్తినా అడుగున ఆ ఉల్లిగడ్డ కదలనివ్వదు, గాలి లాగినా వదలదు. వినగానే సరైన పనే అని నాకు తెలిసింది.

మర్నాడు గుల్హానే లోభాజీ ద్వారా కబురు పెట్టాడు: పైల్స్ వద్దని తాను ఇంకా నలుగురికి చెప్పగలడట, చేత్తో తవ్వే గుంతల పునాదే పెట్టించి, ఆ పని మొత్తం నాకే ఇప్పిస్తాడట, నేను ఇంతటితో ఊరుకుంటే చాలట. నేను జవాబు పంపాను: "ఆ యంత్రం వస్తే నాకు పని లేదు, నిజమే. అయినా తాయీ చెప్పిందే సరైనది. నీ నోట పునాది మాట ఇంకోసారి వస్తే మళ్ళీ నిచ్చెన తీస్త."

యంత్రం రావడానికి పదకొండు రోజులు పట్టింది. అన్ని రోజులూ నేను ఆ గుంత పూడ్చనివ్వలేదు. చుట్టూ కర్రలు పాతి తాడు కట్టాను, వదినా నేనూ అక్కడే కూర్చున్నాం. అంగడి రోజు పక్క ఊళ్ళవాళ్ళు వచ్చారు. ముకుట్‌బన్ నుంచి వచ్చారు. అన్నను పనికి పిలవని ఇళ్ళవాళ్ళు, వాళ్ళ కొడుకులు, మనవలు వచ్చారు. ప్రతివాడికీ గోడ చూపించి, దెబ్బలు చూపించి, ఎవరు పూడ్చారో చెప్పాను. "మా నాయిన శెట్టిబాకు అన్యాయం చేసిండు, మాఫ్ చెయ్యి," అని ఒకతను ఏడ్చాడు. "మీ నాయినను పంపు," అన్నాను. ఆయన ఎప్పుడో పోయాడట. అయితే నేనేం చెయ్యను?

తొమ్మిదో రోజు పొద్దున గుల్హానే స్వయంగా వచ్చాడు. మోటారుసైకిలు లేదు, నడిచి వచ్చాడు. "ఇంక పూడ్చెయ్యి దుర్గప్పా. రోజూ ఈ తొవ్వలనే పోవాలె నేను. మనుమరాలు అడుగుతున్నది, ఆ గుంత ఏందని."

"మా అన్న తవ్వుమని బతిమాలితే నువ్వు తవ్వనియ్యలే," అన్నాను. "ఇప్పుడు నువ్వు పూడ్చుమని బతిమాలుతున్నవ్. నేను పూడ్చనియ్య."

వదిన మాత్రం ఆ సాయంత్రం తట్ట ఎత్తుకుని, "నాకు చాలు మరిదీ. నడుము నొస్తున్నది. ఇంటికి పోత," అంది. వెళ్ళింది. మళ్ళీ రాలేదు. నాకు చాలలేదు. మిగతా రెండు రోజులూ ఒక్కణ్ణే కూర్చున్నాను. చివరికి యంత్రం వచ్చాక ఇంజినీరు చెప్పిందని, మొరం పోయించి, పొర పొరకూ దిమ్మిస కొట్టించి నేనే మూయించాను.

షెడ్డు లేచి ఆరు వానాకాలాలైంది. వెంట్రుకవాసి కదలలేదు. ఒకసారి పెద్ద గాలివానకు ఊళ్ళో సగం ఇళ్ళ రేకులు పోయాయి, అది మాత్రం కిక్కురుమనలేదు. పునాది ఎవరు తేల్చారని అడిగితే జనం తాయీ పేరు చెప్తారు. చెప్పనీ. పలక వద్దని మొదట అన్నది ఎవరో ఆమెకు తెలుసు.

మొన్న గుల్హానే కొడుకు మా ఇంటికి వచ్చాడు. యాభై ఏళ్ళవాడు, నాగపూర్ వైపు అమరావతిలో కొలువు. వాకిట్లోనే నిలబడి, తండ్రి మంచాన పడి రెండు నెలలైందని, ఊపిరి అందక కూర్చోబెడుతున్నామని చెప్పాడు.

"ఒక్కసారి వచ్చి, మాఫ్ చేసిన అనండి కాకా. ఆయనకు అదొక్కటే మిగిలింది."

నేను అతన్ని కూర్చోమన్నాను. నీళ్ళిచ్చాను. అతని మీద నాకేం లేదు.

"బేటా, మా అన్న నాలుగేండ్లు దగ్గిండు," అన్నాను. "మీ నాయినకు రెండు నెలలే అయింది. ఇంక మూడేండ్ల పది నెలలున్నది. అప్పుడు రా, ఆలోచిస్త."

అతను నీళ్ళు తాగకుండానే గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. లోపల వదిన వినే ఉంటుంది. నేను చేతులు కడుక్కుని భాకరి ముందు కూర్చున్నాను.